ముప్పై రెండో మైలురాయి

బుడమేరు పొంగి రైలుకట్ట కోసుకుపోయిన వరద ఏడు పోయి, రెండో వేసవి నడుస్తోంది. యుద్ధం ఇంకా అయిపోలేదు. పెట్రోలు కూపన్ల మీద ఇస్తున్నారు. బెజవాడలో కార్లున్నవాళ్లు సగం మంది వాటి మీద గోనెపట్టాలు కప్పి గుర్రబ్బండి ఎక్కుతున్నారు.

ఆ రోజు పొద్దున ఏడున్నరకి డిటెక్టివ్ సాంబమూర్తి ఒక నల్లకారు ముందు సీట్లో కూర్చుని బందరు రోడ్డెక్కాడు. కారు అతనిది కాదు. హత్యకేసులో సాక్ష్యం. మర్నాడు పదకొండు గంటలకి బందరు కోర్టులో కేసు. కారునీ, దాని మైలు మీటరునీ జడ్జీగారికి చూపించాలి. మీటరు సంగతి చెప్పవలసిన సాక్షి సాంబమూర్తే. అందుకని ఒకరోజు ముందే బయల్దేరాడు. నడుపుతున్నవాడు పోలీసు డ్రైవరు.

ఠాణా ముందే మైలురాళ్ల లెక్క మొదలవుతుంది. బయల్దేరేటప్పుడు మీటరు పద్ధెనిమిది వేల నాలుగు వందల ఇరవై చూపిస్తోంది. అంకె చూడ్డం సాంబమూర్తికి అలవాటు. చూశాడు, వేలి గోటితో మోకాలి మీద రాసుకున్నాడు.

"ఇదేం బండండీ బాబూ! నీలగిరి కొండల మీద తిరిగిన బండన్నారు. కాలవ వంతెన ఎక్కమంటే దగ్గుతోంది," అన్నాడు డ్రైవరు.

"ముసలిదయింది."

"చదునులో చూడండి మరి. నలభై మైళ్ల మీదున్నాం. ఇంజను నిద్రపోతున్నట్టుంది. ముసలిదైతే చదునులో కూడా దగ్గాలి గదండీ."

సాంబమూర్తి కళ్లు రోడ్డు పక్కన రాళ్ల మీదున్నాయి. అయిదో రాయి దాటింది. మీటరు వంక చూశాడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు ఉండాలి. పొరపడ్డాననుకున్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. తరవాత ఒక్కొక్క రాయే లెక్కపెట్టాడు. కంకిపాడు దగ్గర పదో రాయి కనబడింది.

"ఆపు."

దిగి రాయి ముందు నిలబడి, దాని మీద అంకె చదివాడు. మళ్లీ కార్లోకి వంగి మీటరు చదివాడు. ఇరవై ఎనిమిది. పది మైళ్లు నడిస్తే మీటరు ఎనిమిదే నడిచింది.

ఎండ ఇంకా ఎక్కలేదు. అయినా సాంబమూర్తికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తలకొట్టేసినట్టయింది అతనికి.

కేసు చిన్నది. పెడన నేతగాళ్ల సంఘం పెద్ద రామలింగం. సంఘానికి రావలసిన నూలు ఎవరో దొంగదారిన అమ్ముకుంటున్నారని అర్జీ పెట్టబోతున్నాడు. రెండు నెలల కిందట ఒక సోమవారం మధ్యాహ్నం, పామర్రు దాటాక, ముప్పై రెండో మైలురాయి దగ్గర కాలవ గట్టున శవమై కనబడ్డాడు. తల మీద దెబ్బ. పక్కన కారు జాకీ తిప్పే ఇనప హేండిలు. అది బెజవాడ నూలు వర్తకుడు భావనారాయణ కారుది.

ఆవేళ ఆ కారు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి ఒంటిగంటకి తిరిగొచ్చింది. నడిపింది డ్రైవరు ఆమోసు, ఒంటరిగా. యజమాని ఇచ్చిన ఉత్తరం పట్టుకుని బందరు వెళ్లాననీ, నలభయ్యో రాయి దగ్గర గిడ్డంగికి తాళం వేసుంటే గంటసేపు చూసి వచ్చేశాననీ, దారిలో ఎక్కడా ఆగలేదనీ చెప్పాడు. హేండిలు ముందురోజు నుంచే కనబడ్డం లేదన్నాడు. తాళం వేసిన గిడ్డంగి దగ్గర అతన్ని చూసినవాళ్లెవరూ లేరు.

కొట్టు పేరు చెడకూడదని భావనారాయణ సాంబమూర్తిని పెట్టుకున్నాడు. మీటరు అంకెలు రాసే పుస్తకం తెచ్చి చేతికిచ్చాడు. ఆవేళ మీటరు తిరిగింది అరవై నాలుగు మైళ్లు. సాంబమూర్తి దాన్ని సగం చేశాడు. ముప్పై రెండు. శవం దొరికిన రాయి. బందరు వెళ్లొచ్చి ఉంటే ఎనభై ఉండాలి. ఠాణాలో పదిమంది కానిస్టేబుళ్ల ముందు బల్ల మీద చరిచి చెప్పాడు, "మనిషి అబద్ధమాడతాడు. మీటరు ఆడదు."

అప్పుడు ఆమోసు ఒక మాటన్నాడు. "వెనక ఇరుసులో పళ్లు మార్చారండీ. ఆ మీటరు..."

సాంబమూర్తి మాట పూర్తి కానివ్వలేదు. ఇరుసులో పళ్లేమిటో అతనికి తెలీదు. తెలీదని పదిమంది ముందు ఒప్పుకోవడం ఇష్టం లేదు. "నాకు లెక్కలు నేర్పుతావా?" అని చెంప మీద కొట్టాడు. కుడిచెయ్యి. గట్టిగానే కొట్టాడు.

ఇప్పుడు పదో రాయి పక్కన ఆ చేతిని పంచెకి తుడుచుకున్నాడు.

"వెనక్కి తిప్పు."

"బందరు, కోర్టు..."

"తిప్పమన్నానా!"

*

బెజవాడలో కార్ల వెనక ఇరుసు విప్పి బిగించగలవాడు ఆ రోజుల్లో ఒక్కడే. కాలవ ఒడ్డున రేకుల షెడ్డు శౌరయ్య. తొమ్మిదిన్నరకి కారు షెడ్డు ముందాగేసరికి శౌరయ్య కొయ్యపెట్టెలో పానాలు సర్దుతున్నాడు. గోడ మీది శిలువ కూడా తీసి గుడ్డలో చుట్టాడు.

"ఎక్కడికి ప్రయాణం?" అన్నాడు సాంబమూర్తి.

"మద్రాసండి. మిలిట్రీ బళ్ల పని. మూడు గంటల బండికి."

"ఎవరిప్పించారు పని?"

శౌరయ్య పానా ఒకటి తుడిచి పెట్టెలో పెట్టాడు. "భావనారాయణగారండి. టిక్కెట్టు కూడా ఆయనే తీశారు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

సాంబమూర్తి పెట్టె మూత వేసి దాని మీద కూర్చున్నాడు. "రెండు నెలల కిందట నీ దగ్గరకొచ్చాను. గుర్తుందా?"

"గుర్తుందండి."

"ఈ కారు మీటరు సంగతి అడిగాను. ఏం చెప్పావు?"

"మీటరు చెడిందా అనడిగారు. చెడలేదన్నాను. నిజంగానే చెడలేదండి."

"పది మైళ్లకి ఎనిమిది చూపిస్తోంది!"

"చూపిస్తదండి. దాని తప్పు కాదు."

"మరెవరి తప్పు?"

శౌరయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. పెట్టె మీద కూర్చున్న పెద్దమనిషికి నిజంగానే తెలీదని అప్పుడు అర్థమైంది అతనికి. మూలకెళ్లి, నూనెకాగితంలో చుట్టిన బరువైన మూట ఒకటి తెచ్చి నేల మీద విప్పాడు. పళ్లున్న ఇనపచక్రాలు రెండు. ఒకటి పళ్లెమంత. ఇంకొకటి పిడికిలంత. రెంటినీ కలిపి ఇనపతీగతో కట్టి ఉంచాడు.

"ఇవి ఈ బండి వెనక ఇరుసులోంచి తీసినయ్యండి. తీగ విప్పకండి. కలిసి అరిగిన జత. విడదీసి వేరే దాంతో వేస్తే ఏడుస్తయ్. మొగుడూ పెళ్లాం లెక్క. అందుకే ఎవరి జత వాళ్లకి కట్టి దాస్తాను. లెక్కపెట్టుకోండి పళ్లు."

సాంబమూర్తి సుద్దముక్క తీసుకుని ఒక్కొక్క పన్నుకీ గీత పెడుతూ లెక్కపెట్టాడు. పెద్దదానికి నలభై. చిన్నదానికి ఎనిమిది.

"అంటే?"

"అంటే చిన్నది అయిదు చుట్లు తిరిగితేగాని పెద్దది ఒక చుట్టు తిరగదు. పెద్దదాంతో పాటే చక్రం. ఇంజను అయిదు తిప్పులు, చక్రం ఒక తిప్పు. కొండెక్కడానికి బలం. దీని పాత యజమాని, తేయాకు తోట దొరగారికి అది బాగానే ఉంది. మన బందరు రోడ్డు అరచెయ్యిలాంటిది. ఎక్కడానికేముంది? నలభై మైళ్ల మీద పెడితే ఇంజను గోల, పెట్రోలు తాగుడు. కూపన్లు పదిహేను రోజులకే అయిపోతున్నయ్యన్నారు భావనారాయణగారు. అందుకని వేరే జత వేశాను. తొమ్మిది పళ్లు, ముప్పై ఆరు పళ్లు. ఇప్పుడు నాలుగు తిప్పులకే చక్రం చుట్టు తిరుగుతది. చదునులో హాయి. గట్టెక్కేటప్పుడే కాస్త దగ్గు."

"మీటరు?"

"మీటరు తీగ గేరుపెట్టె దగ్గరుంటదండి. ఇంజను నుంచి వెనక్కెళ్లే పొడుగు కడ్డీ ఎన్నిసార్లు తిరిగిందో అదే లెక్కపెడతది. చక్రం దానికి కనబడదు. ఇదివరకు కడ్డీ అయిదు తిరిగిన దూరానికి ఇప్పుడు నాలుగే తిరుగుతోంది. అది నాలుగే చెప్తది. దానికేం తెలుసు, పాపం."

సాంబమూర్తి లేచాడు. "చూపించు. మాటలొద్దు. ఒకసారి మాటలతోనే మునిగాను."

ఇద్దరూ కలిసి కారు వెనకభాగం జాకీల మీద లేపారు. రెండు చక్రాలూ గాల్లోకి లేచాయి. రెండు టైర్ల మీదా, కింద కడ్డీ మీదా సుద్దగీతలు పెట్టారు. చెరోవైపు కూర్చుని చక్రాలు ఒక్కసారిగా తిప్పారు. పోలీసు డ్రైవరు కింద వెల్లకిలా పడుకుని కడ్డీ గీతని చూస్తూ పైకి అరిచాడు.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు!"

టైరు మీది సుద్దగీత చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చింది. మూడుసార్లు తిప్పారు. మూడుసార్లూ నాలుగే.

సాంబమూర్తి చక్రం వదల్లేదు. దాన్ని పట్టుకుని అలాగే గొంతుక్కూర్చున్నాడు. "శౌరయ్యా, ఇది నీకు తెలుసు. ఆ డ్రైవరు మెడకి మీటరే ఉరితాడయిందని ఊరందరికీ తెలుసు. నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"నన్నెవరూ అడగలేదండి."

"అడక్కపోతే చెప్పకూడదా?"

శౌరయ్య నేల చూశాడు. "ఆమోసు చెప్పాడు గదండీ మీకు. చెప్పినవాడి చెంప పగిలిందని బజారంతా అనుకున్నారు. బండి నడిపేవాడికే ఆ గతి పట్టిందే, నూనెగుడ్డలవాడి మాట ఎవరు వింటారనుకున్నాను. భయపడ్డానండి. ఆ దానమ్మ మొహం చూడలేక ఆదివారం గుడికెళ్లడం కూడా మానేశాను."

దానమ్మ ఆమోసు భార్య.

తన దెబ్బ ఒక చెంపకే తగిలిందనుకుంటున్నాడు సాంబమూర్తి ఇన్నాళ్లూ. అది రెండో నోరు కూడా మూసిందని ఇప్పుడు తెలిసింది.

*

పన్నెండింటికి సర్కిల్ ఇన్‌స్పెక్టరు వెంకటప్పయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. కారు బందరు పోకుండా షెడ్డుకి వచ్చిందని కబురందింది. దిగుతూనే జాకీల మీదున్న కారు చూశాడు.

"ఏవండీ డిటెక్టివుగారూ! కోర్టు సొత్తుని కాళ్లెత్తి పడుకోబెట్టారేమిటి? పోస్టుమార్టమా?"

"ఇన్‌స్పెక్టరుగారూ, కేసు తప్పు. మీటరు తప్పు చెప్పింది."

"మీటరు అబద్ధమాడదుగా?"

సాంబమూర్తి చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు.

"కాదండీ, మీరే అన్నారు. మా కానిస్టేబుళ్లు ఇంకా అనుకరిస్తున్నారు మిమ్మల్ని. బల్ల చరవడం కూడా." వెంకటప్పయ్య టోపీ తీసి విసురుకున్నాడు. "మొదటిరోజు నేనేమన్నాను? భావనారాయణ మీద అనుమానమన్నాను. ఆవేళ పదకొండింటికి బొగ్గు మీద నడిచే బస్సు కండక్టరు ఒకడు ఆయన్ని పామర్రులో దింపానన్నాడు. మీరేమన్నారు? 'పోలీసులకి కండక్టర్లు గురువులు, నాకు గణితం గురువు' అన్నారు. మా డీఎస్పీగారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు మీద ఛార్జిషీటు రాశాను. ఇప్పుడు తప్పంటే ఎలా?"

"తప్పే. చక్రం తిప్పి చూపిస్తాను. చూడండి."

చూపించారు. వెంకటప్పయ్య పట్టుదల మనిషేగాని మొద్దు కాదు. మొదటి చుట్టుకే అర్థమైంది. అయినా వెంటనే ఒప్పుకోలేదు.

"సరే. ఆమోసు బందరు వెళ్లాడనుకుందాం. అంతమాత్రాన భావనారాయణ చంపినట్టా? నూలు కొట్టు యజమాని పామర్రు వెళ్తే నేరమా? నేతగాళ్లున్న ఊళ్లన్నీ తిరుగుతాడాయన. పళ్లు మార్చిన సంగతి మర్చిపోయి ఉండొచ్చు. మీటరు పుస్తకం అమాయకంగా ఇచ్చి ఉండొచ్చు. రేపు ఆయన ప్లీడరు అదే అంటాడు. నన్ను రెండుసార్లు వెర్రివాణ్ణి చెయ్యకండి, సాంబమూర్తిగారూ. ఒకసారి చాలు."

"ఆయన మర్చిపోలేదండి."

అన్నది శౌరయ్య. గుడ్డలో చుట్టిన శిలువ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"నీకేం తెలుసు?"

"మీటరు లోపల ఇంకో చిన్న పళ్లచక్రం మారిస్తే లెక్క సరిపోతదండి. యుద్ధం వల్ల మద్రాసులో కూడా దొరకలేదు. అందుకని చీటీ రాసి మీటరు కింద అంటించాను. నాలుగు చూపిస్తే అయిదనుకోమని. భావనారాయణగారి కళ్ల ముందే అంటించాను. డ్రైవర్లు మారినా తెలవాలని."

సాంబమూర్తి కార్లోకి దూరాడు. మీటరు కింద వేలు పెట్టి తడిమాడు. గరుకుగా తగిలింది. అగ్గిపుల్ల గీసి చూశాడు. ఎండిన మైదాపిండి జిగురు. దాన్ని పట్టుకుని గోరంత కాగితపు మూల. చీటీ ఊడి పడిపోలేదు. ఎవరో గోకి తీశారు. గోకిన గీతలు రంగు మీద పడున్నాయి.

రెండు నెలల కిందట ఇదే మీటరు ముందు పావుగంట కూర్చున్నాడు సాంబమూర్తి. అంకెలే చూశాడు. రెండంగుళాలు కిందికి చూడలేదు.

"చీటీ ఉందో లేదో కాదు," అన్నాడు వెంకటప్పయ్య, గొంతు తగ్గించి. "ఎవరు గోకారన్నదీ..."

"ఇంకోటుందండి," అన్నాడు శౌరయ్య. "శనివారం, అంటే హత్యకి రెండురోజుల ముందు, ఆయన ఒక్కరే ఇక్కడికొచ్చారు. బందరుకెళ్లొస్తే మీటరెంత చూపిస్తదని అడిగారు. అరవై నాలుగు అన్నాను. ఆ అరవై నాలుగు చూసిన కొత్తవాడు బండి ఎందాకా వెళ్లొచ్చిందనుకుంటాడు అనడిగారు. సరదాకి అడుగుతున్నారనుకున్నానండి. సగం చేసి చెప్పాను. పామర్రు దాటాక, ముప్పై రెండో రాయి దాకా అనుకుంటాడని." అతను తల వంచుకుని శిలువ చుట్టిన గుడ్డ సర్దాడు. "నవ్వారండి. 'లెక్క బాగా చెప్పావు శౌరయ్యా' అని భుజం తట్టి వెళ్లారు."

పక్క కాలవలో పడవవాళ్ల కేకలు వినబడుతున్నాయి.

సాంబమూర్తికి ఇప్పుడు అంతా కనబడింది. శవం దొరికిన చోటికి మీటరు సరిపోవడం కాదు. మీటరు చూపించే చోటికే శవాన్ని సరిపెట్టారు. భావనారాయణ ముందు రాయి ఎంచుకున్నాడు. తరవాత, తన నూలు దొంగతనం మీద అర్జీ పెట్టబోతున్న రామలింగాన్ని నూలు ఇప్పిస్తానని అక్కడికి పిలిపించాడు. ఆమోసుని తాళం వేసిన గిడ్డంగికి పంపాడు. హేండిలు ముందే తీసి దాచి, తను బస్సులో పామర్రు వెళ్లాడు. ఆ పైన ఒక్క పనివాడు కావాలి. అరవై నాలుగుని సగం చేసి, బల్ల చరిచి, ఇంకెవరి మాటా విననివాడు. అలాంటివాడు బెజవాడలో ఎవరా అని వెతికి తనని పెట్టుకున్నాడు.

వెంకటప్పయ్య టోపీ పెట్టుకున్నాడు. అతనిక నవ్వడం లేదు. "మన ఇద్దర్లో ఆయనకి మీరే పనికొచ్చారు," అన్నాడు. వెక్కిరింత కాదు అది. అందుకే ఎక్కువ తగిలింది.

శౌరయ్య మద్రాసు టిక్కెట్టు ఇన్‌స్పెక్టరు జేబులోకి వెళ్లింది. శౌరయ్య ఠాణాకి వెళ్లాడు. భావనారాయణ కొట్టు దగ్గరికి కానిస్టేబులుని పంపితే తాళం వేసుంది. సాక్షిగా పిలిచారు గనక పొద్దునే బందరు వెళ్లాడట. రేపు కోర్టు వరండాలో ఉంటాడు. ఇంకా ఏమీ తెలీదు ఆయనకి.

*

అయిదు గంటలకి దానమ్మ అన్నం కారియరు పట్టుకుని సబ్‌జైలు గేటు దగ్గరికి వచ్చింది. రెండు నెలలుగా రోజూ వస్తోంది. సాంబమూర్తి రోజూ ఆ వేళకి ఆ దారి తప్పించుకు తిరిగేవాడు. ఆవేళ గేటు పక్కనే నిలబడ్డాడు.

"దానమ్మా, నీ మొగుడు బందరే వెళ్లాడు. నిజం చెప్పాడు."

ఆమె కారియరు కింద పెట్టింది. "ఆ సంగతి నాకు తెలుసండయ్యా."

"నాకు ఇవాళ తెలిసింది."

"మీకు ఆ రోజే చెప్పాడంటండి."

"చెప్పాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది సాంబమూర్తికి.

"విడిచిపెడతారాండి?"

"పెడతారు. నేను చెప్తాను కోర్టులో."

"చెప్పండయ్యా. చెప్పేటప్పుడు కాస్త గట్టిగా చెప్పండి. మీరు కొట్టిన కాడి నుంచి ఆ ఎడం చెవి వినబడ్డం లేదంటన్నాడు. ఏం జరుగుతోందో తెలీకపోతే కంగారు పడతాడు."

కారియరు తీసుకుని గేట్లోకి వెళ్లిపోయింది.

*

మర్నాడు పొద్దున ఆరు గంటలకి సాంబమూర్తి ఇన్‌స్పెక్టరుని ఒక మాటడిగాడు. ఎలాగూ ఆమోసుని బందరు తీసుకెళ్లాలి. ఆ కారులోనే తీసుకెళ్దాం. అతనే నడుపుతాడు.

"ముద్దాయి చేత బండి నడిపించడమా! నా ఉద్యోగం ఉండాలా వద్దా?"

"సంకెళ్లు తియ్యండి. పారిపోతే నన్ను పెట్టండి లోపల."

వెంకటప్పయ్య మెడ గోక్కున్నాడు. ఆఖరికి ఒప్పుకుని, వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమోసు మణికట్లు రుద్దుకుని స్టీరింగు పట్టుకున్నాడు. మనిషి సగమయ్యాడు. అతని ఎడమపక్క సీటు సాంబమూర్తిది. మీటరు పద్ధెనిమిది వేల నాలుగు వందల ముప్పై ఏడు.

అయిదో రాయి దగ్గర "ఆపు" అన్నాడు సాంబమూర్తి. కారు ఆగలేదు. మళ్లీ అన్నాడు. ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది. అతను కూర్చున్నది ఆ చెవి వైపు. మెల్లిగా ఆమోసు చెయ్యి ముట్టుకున్నాడు. ఆమోసు ఉలిక్కిపడి మొహం పక్కకి తిప్పుకున్నాడు, దెబ్బ పడుతుందని. తరవాత కారాపాడు.

అలా ఎనిమిదిసార్లు ఆపవలసి వచ్చింది. ఎనిమిదిసార్లూ చెయ్యే ముట్టుకోవలసి వచ్చింది. రాయి అంకె సాంబమూర్తి చదివాడు. మీటరు అంకె ఇన్‌స్పెక్టరు రాశాడు. అయిదుకి నాలుగు. పదికి ఎనిమిది. పామర్రు దాటాక ముప్పై రెండో రాయి వచ్చినప్పుడు ఎవరూ ఆపమనలేదు. ఆమోసే వేగం తగ్గించాడు. గట్టు వంక చూడలేదు. మీటరు ముప్పై రెండు మైళ్లకి ఇంకా ఇరవై అయిదున్నర దగ్గరే ఉంది.

తొమ్మిది గంటలకి బందరు పొలిమేరలో నలభయ్యో రాయి దగ్గర ఆగారు. గిడ్డంగి ఎదురుగానే ఉంది. మీటరు అరవై తొమ్మిది. ముప్పై రెండు మైళ్లు కదిలింది.

వెంకటప్పయ్య కాగితం కారు బానెట్టు మీద పరిచి, అంకెలన్నీ ఎక్కించి, సంతకం కోసం కలం సాంబమూర్తికిచ్చాడు. దారినపోయే నేతగాళ్లు, పాలవాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఇంకోటి రాయండి," అన్నాడు సాంబమూర్తి. "ఇరుసు పళ్లు మారిన సంగతి ముద్దాయి నాకు మొదటిరోజే చెప్పాడు. నేను వినలేదు. చెప్పినందుకు కొట్టాను. ఎడమ చెవి పోయింది."

"కేసుకి అది అక్కర్లేదు. మీ పేరు పోతుంది."

"రాయండి."

వెంకటప్పయ్య రాశాడు. సాంబమూర్తి సంతకం చేశాడు. ఆమోసు కారు తలుపు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఏం రాశారండీ అది?" అన్నాడు.

సాంబమూర్తి చెప్పాడు. మాట మెల్లిగా వచ్చింది. ఆమోసు తల పక్కకి తిప్పి, కుడిచెవి అతని వైపు పెట్టాడు.

"వినబళ్లేదండి. మళ్లీ చెప్పండి."

సాంబమూర్తి కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. రోడ్డు మీద ఆగినవాళ్లందరికీ వినబడేటట్టు, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.